మద్రాసు నుంచి మస్కట్‌కి నాలుగు గంటలు

మైపాడు,
2 జూన్ 2024

మరిది పెంచల్‌కి ధనలక్ష్మి రాసేది.

ఉత్తరంలో మొదట క్షేమం రాయాలని బళ్లో నేర్పించినారు. అది వదిలేస్తా ఉండాను. నా ఫోను, మీ అన్న ఫోను రెండూ కేసు కోసం పోలీసుల దగ్గర ఉండాయి. పక్కింటోళ్ల ఫోన్లో మాట్లాడదామంటే వీధంతా వచ్చి చుట్టూ నిలబడతారు. నీకు చెప్పాల్సింది అందరి ముందర చెప్పేది కాదు. అందుకే బస్సెక్కి నెల్లూరు పోయి ఈ ఉత్తరం పోస్టులో వేస్తా ఉండాను.

మీ అన్న పోయి నెల కావస్తా ఉండాది. నువ్వు మూడుసార్లు ఫోన్ చేసినావు. మూడుసార్లూ ఏడ్చినావు. ఎట్ట పోయినాడని ఒక్కసారి గూడా అడగలా. నువ్వు అడక్కపోయినా నేను చెప్తాను.

మే ఆరో తేదీ. వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉండాయి. పొద్దున ఆరు గంటలకి మీ అన్న పడవ పక్కన కూర్చోని చిరిగిన వల బాగుచేసుకుంటా ఉండాడు. నేను టీ తీసకపోతా ఉండాను. చెంచయ్య ఒక్కడే వచ్చినాడు. తెల్ల చొక్కా, ప్యాంటు, కాళ్లకి బూట్లు. భుజాన సంచి. ఇద్దరూ మాట్లాడుకుంటా ఉంటే నాకు భయం వెయ్యలా. మార్చిలో వాళ్ల తమ్ముడు పోలయ్యని మీ అన్న కొట్టినాడు, పోలయ్యకి కుడి చెయ్యి తీసేసినారు, అది నిజమే. పెద్దమనుషుల ముందర మీ అన్నే ఒప్పుకున్నాడు. చెంచయ్య కాళ్లు పట్టుకున్నాడు. వైద్యం పూచీ నాదన్నాడు. ఆడికి గొడవ అయిపోయిందనుకున్నాను.

నేను పది అడుగుల దూరంలో ఉండంగా చెంచయ్య సంచిలోంచి చేపలు కోసే కత్తి తీసినాడు. మొదటి పోటు పక్కటెముకల కింద దిగింది. మీ అన్న లేవబోతే కాళ్లకి వల చుట్టుకోని మళ్లీ కూలబడినాడు. రెండోది మెడ మీద. నేను టీ చెంబు పారేసి చెంచయ్య కాలు పట్టుకున్నాను. రెండో కాలితో నా నోటి మీద తన్నినాడు. ముందర పళ్లు రెండు ఇసకలో పడినాయి. అయినా కాలు వదల్లా. ఆరు పోట్లు పెంచల్, నేను లెక్కపెట్టలా, నెల్లూరులో డాక్టరు చెప్పినాడు. పొడస్తా చెంచయ్య ఒక మాటన్నాడు. "వాడు అందలా, నువ్వు అందినావు." అందనిది ఎవరో నాకు తెలీలేదు. ఇప్పటికీ తెలీదు.

ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకోని తీసకపోయినా. ఇందుకూరుపేట దాటకముందే ప్రాణం పోయింది. ఏదో చెప్పబోయినాడు, మాట రాలా.

నేను ఆస్పత్రిలో శవం దగ్గర ఉండి, మధ్యాన్నం ఫిర్యాదు ఇచ్చేసరికి చెంచయ్య గాల్లో ఉండాడు. మధ్యాన్నం రెండింటికి పోయే విమానానికి ముందుగానే టికెట్ తీసుకోని ఉండాడంట. మద్రాసు నుంచి మస్కట్‌కి. నువ్వు ఉండే ఊరికే.

నువ్వు మొదటిసారి పోయేటప్పుడు అత్త ఏడస్తా ఉంటే ఏమన్నావో గుర్తుండాదా? "రెండువేల ఐదువందల కిలోమీటర్లు అయితే ఏందమ్మా, నాలుగు గంటలే, తిరపతి పోయే బస్సు గూడా ఇంచుమించు అంతసేపు పోద్ది" అన్నావు. అన్నకి కొరివి పెట్టడానికి నీకు ఆ నాలుగు గంటలు దొరకలా. చంపినోడికి దొరికినాయి.

వాణ్ని వెతుకు. వెతికి ఏం చెయ్యాలో నేను రాయను.

ధనలక్ష్మి


మస్కట్,
17 జూన్ 2024

వదినకి పెంచల్ నమస్కారాలు.

నీ ఉత్తరం పన్నెండు రోజులకి అందింది. ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి చదివినా. మళ్లీ గదికి పోయి చదివినా. అన్న ఎట్ట పోయినాడని అడగలేదన్నావు. అడిగే ధైర్యం లేక అడగలా వదినా. అంతే.

నేను రాకపోయింది నా ఇష్టంతో కాదు. కంపెనీవాళ్లు సెలవు ఇవ్వలా. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండాది. మేనేజరు కాళ్లావేళ్లా పడినా. ఈడ మనిషి చచ్చినా ఐసు ఆగదు అన్నాడు. అమ్మకి అర్థమయ్యేటట్టు నువ్వే చెప్పు.

చెంచయ్య సంగతి నాకు వదిలెయ్. ఈ ఊళ్లో మన పక్క నుంచి వచ్చి చేపల పనిలో ఉండేవాళ్లు మహా అయితే రెండొందల మంది. రేవులో కాకపోతే మార్కెట్లో, మార్కెట్లో కాకపోతే కోల్డ్ స్టోరేజీలో దొరకతాడు. దొరికినాక ఏం చెయ్యాలో నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. వాడు ఆరు పోట్లు పొడిచినాడు. నేను లెక్కపెట్టి పొడస్తా.

ఎట్ట చెయ్యాలో గూడా ఆలోచించి పెట్టినా. తెల్లారి పని ముగించుకోని, మధ్యాన్నం ఒంటిగంట విమానం ఎక్కితే, చచ్చింది ఎవరో వీళ్లు తేల్చుకునేలోపు నేను మద్రాసులో దిగతా. మనది వీళ్లకంటే గంటన్నర ముందు. పొద్దుగూకేసరికి దిగి, ఆ రాత్రికే మన గుమ్మంలో ఉంటా. వాడు మనకి చేసినట్టే వాడికీ చేస్తా.

అమ్మకి ఇది చెప్పొద్దు. పాపని బడి మానిపించొద్దు.

పెంచల్


మైపాడు,
8 జూలై 2024

పెంచల్‌కి వదిన రాసేది.

నీ ఉత్తరం వచ్చిన రోజు, మీ అన్న పోయినాక మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను. రెండు రోజులు దాన్ని రవికలోనే పెట్టుకోని తిరిగినాను. మరిదంటే వీడు అనుకున్నాను.

ఆ రెండు రోజులైనాక నేనొక పని చేసినాను.

నిషేధం ముగిసింది. పడవలు వేటకి పోతా ఉండాయి. చెంచయ్య పడవ మాత్రం ఎవరూ తీసేవాళ్లు లేక వాళ్లింటి ముందరే ఉండాది, వల దాంట్లోనే కుప్పేసి ఉండాది. జూలై మూడో తేదీ, మిట్టమధ్యాన్నం, ఐదు లీటర్ల డీజిలు తీసకపోయి ఆ వల మీద పోసినా. నాతోపాటు మన వీధి ఆడోళ్లు ఏడెనిమిది మంది వచ్చినారు, చేతుల్లో తెడ్లు, కారప్పొడి. చెంచయ్య పెళ్లాం పుష్పకుమారి పరిగెత్తుకుంటా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. జుట్టు పట్టుకోని కిందకి లాగినా. తెడ్డుతో వీపు మీద కొట్టినా. మొకం మీద గూడా కొట్టినా. కన్ను వాచి మూసుకపోయింది. ఆపమని ఎవరూ అనలా. నాకూ ఆపాలనిపించలా. నా నోట్లో పళ్లు లేని చోట నాలుక తగిలినప్పుడల్లా ఇంకోటి కొట్టినా.

అగ్గిపుల్ల గీసి వేసినా. నైలాను వల, ఒక్క గుక్కలో అంటుకుంది. నల్ల పొగ. అప్పుడు పోలయ్య ఇంట్లోంచి వచ్చినాడు. మద్రాసులో ఆస్పత్రి నుంచి వచ్చినాక నేను వాణ్ని చూడ్డం అదే మొదలు. తల ఒక పక్క గుంటపడి ఉండాది. కుడి చెయ్యి మణికట్టు కాడికి లేదు. ఎడమ చేత్తో మండే వలని పట్టుకోని పడవలోంచి లాగుతా ఉండాడు. కరిగిన నైలాను వాడి అరచేతికి అంటుకుంటా ఉండాది. వాడు నా మీదకి రాలా, నన్ను తిట్టలా. లాగతానే నా పక్క చూసి, "నా చెయ్యి నలిపింది మునెయ్యన్న కాదక్కా, మీ మరిదిని అడుగు" అన్నాడు.

నా చేతిలో తెడ్డు కింద పడేసినా. ఇంటికి వచ్చేసినా.

అప్పట్నుంచి ఆ మాట నన్ను తినేస్తా ఉండాది. మార్చి పదకొండున నువ్వు పోయినావు. అదే రోజు తెల్లారి పోలయ్యకి దెబ్బలు తగిలినాయి. నిన్ను నెల్లూరులో దించి వచ్చిన మీ అన్న చొక్కా విప్పకుండానే పెద్దమనుషుల దగ్గరికి పోయి, నేనే కొట్టినా అన్నాడు. మీ అన్న కుక్కని గూడా రాయితో కొట్టిన మనిషి కాదు. వల చిరిగిన కోపంలో కొట్టుంటాడులే అని నేను సర్దుకున్నా.

ఒక్క మాట రాయి. ఆ తెల్లారి ఏం జరిగింది?

ధనలక్ష్మి


మస్కట్,
22 జూలై 2024

వదినకి.

చెంచయ్య దొరికినాడు. చేపల మార్కెట్లో బోట్లు వచ్చే పక్క, ఐసు పెట్టెలు దించే పని. తెల్లారి నాలుగున్నరకి వస్తాడు. ఆరింటికి పని కాసేపు ఆగద్ది. గోడవారగా ఒక నీళ్ల కుళాయి ఉండాది, ఆడ ఒక్కడే కూర్చోని రొట్టె తింటాడు. వెనకమాల ఖాళీ పెట్టెల గుట్ట. నేను ఆ గుట్ట వెనక మూడు రోజులు నిలబడి చూసినా. వాడికీ నాకూ మధ్య పదకొండు అడుగులు. గడ్డం పెంచినాడు, సన్నబడినాడు. మెడ మీద నరం కొట్టుకోవడం గూడా కనపడింది నాకు.

ఆగస్టు తొమ్మిదికి టికెట్ తీసుకున్నా. పాస్‌పోర్టు నా చేతికి వచ్చింది.

పోలయ్య మాట పట్టుకోని నన్ను అడగతావా? తల పగిలి నెల రోజులు ఒంటిమీద తెలివి లేకుండా పడున్నోడు వాడు. వాడికేం గుర్తుంటది? అన్న నోటితో అన్న చెప్పినాక ఇంకేం కావాల? వాణ్ని నలిపింది ఎవరైతే ఏంది, చచ్చింది మన మనిషి. ఈ టైంలో నా కాళ్లకి అడ్డం పడొద్దు వదినా. వాణ్ని వెతకమని అడిగింది నువ్వే.

నా సిమ్ తీసి పారేసినా. మనం మాట్లాడుకున్నట్టు యాడా ఉండకూడదు. ఫోన్ చెయ్యొద్దు. ఉత్తరం రాయొద్దు. పదో తేదీ తెల్లారికి నేనే వచ్చి నీ ముందర నిలబడతా.

పెంచల్


మైపాడు,
5 ఆగస్టు 2024

పెంచల్,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే తొమ్మిదో తేదీ లోపల నీకు అందదు. నెల్లూరు ఏంజెలిన్ నీకు తెలుసు, మస్కట్‌లో నర్సుగా చేస్తాది, సెలవు ముగించుకోని రేపు మధ్యాన్నం విమానానికి పోతా ఉండాది. ఆమె చేతిలో పెడతా ఉండాను. పక్కింటోళ్ల ఫోన్లోంచి నీకు పదిహేనుసార్లు చేసినాను. వెళ్లదు.

నీ ఉత్తరంలో నేనడిగినదానికి జవాబు లేదు. లేకపోవడమే జవాబని నాకు అర్థమైంది. అయినా నా చెవులతో వినాలని నిన్న పుష్పకుమారి ఇంటికి పోయినా. తలుపు తీసి నన్ను చూసి, కొట్టడానికి వచ్చినాననుకోని చేతులు మొకానికి అడ్డం పెట్టుకుంది. ఒక కన్ను ఇంకా సరిగా తెరుచుకోలా. అది నేను చేసిందే. గుమ్మం బయటే కూర్చున్నా. చాలాసేపటికి వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తా ఉండాను.

మార్చి పదో తేదీ సాయంత్రం నువ్వు పోలయ్యతో మన వల చిరిగిందని గొడవ పడినావు. తెల్లారి వాడు పడవలో ఇంజను చూసుకోని దిగతా ఉంటే వెనకనుంచి తెడ్డుతో తల మీద కొట్టినావు. వాడు ఇసకలో బోర్లా పడినాడు. వాడి కళ్ల ముందర బూట్లు కనపడినాయంట. ఒడ్డు మీద బూట్లు వేసుకోని తిరిగేది ఎవరు పెంచల్? మీ అన్న పుట్టినప్పట్నుంచి బూట్లు వేసినాడా? ఆ బూట్లు వాడి మణికట్టు మీద పెట్టి, కదలకుండా తొక్కి, లంగరు ఎత్తి చెయ్యి మీద వేసినావు. ఒకసారి కాదు.

పోలయ్య ఏప్రిల్ చివర్లో ఇంటికి వచ్చినాక ఆ మాట వాళ్లన్నకి చెప్పినాడు. చెంచయ్య నీ కోసం వీసా తెచ్చుకున్నాడు. విన్నావా? వాడు పారిపోయి రాలా. నిన్ను చంపడానికి వచ్చినాడు. మే ఆరున పోయేముందర, నువ్వు మస్కట్‌లో యాడ ఉంటావో చెప్పమని మీ అన్నని అడగడానికి పోయినాడు. మీ అన్న చెప్పలా. చెప్పకపోంగా, కొట్టింది నేనే, కావాలంటే నా చెయ్యి తీసుకో అన్నాడని చెంచయ్య తర్వాత ఆమెకి ఫోన్లో చెప్పినాడంట. ఆ మాటకి చెంచయ్యకి ఒళ్లు తెలీలా. నేను దగ్గరికి పోయింది ఆ తర్వాత.

ఇప్పుడు నేను దాచిపెట్టింది రాస్తాను. ఆటోలో మీ అన్న మాట్లాడినాడు. మాట రాలేదని నీకు అబద్ధం రాసినా. రక్తం మింగతా మింగతా రెండుసార్లు చెప్పినాడు, "పెంచల్‌ని రావద్దని చెప్పు, వాడి జోలికి పోవద్దని చెప్పు." నీ ఉద్యోగం పోద్దని అంటా ఉండాడనుకున్నా. నాకు నువ్వు రావడమే కావాల, చెంచయ్యని చంపడమే కావాల. అందుకని ఆ మాట నీదాకా రానియ్యలా. నా మొగుడి ఆఖరి మాట నేను తొక్కిపెట్టినా. నీ మీద ఉన్నంత కోపం నా మీద గూడా నాకుంది.

వాణ్ని చంపొద్దు. జాలిపడి చెప్పడం లేదు. వాడు ఉరేసుకోని చచ్చినా నేను ఏడవను. నువ్వు చంపి విమానం ఎక్కి వస్తే, వాళ్లు నీకోసం వెతకరు, ఈడ ఎవరు అందితే వాళ్లని పొడస్తారు. ఈడ ఉండేది అత్తా, నేనూ, తొమ్మిదేళ్ల పాప. నువ్వు మళ్లీ యాడికో నాలుగు గంటల దూరం పోయి కూర్చుంటావు.

ధనలక్ష్మి


మస్కట్, జైలు నుంచి,
24 నవంబరు 2024

వదినకి.

ఈడ రాసుకోవడానికి కాగితం ఇప్పుడు ఇచ్చినారు. అందుకే ఇన్ని నెలలు పట్టింది. పోలీసులు మీకు ఫోన్ చేసి చెప్పుంటారు, నేను బతికుండానని, చెంచయ్య గూడా బతికుండాడని. మిగతాది నేను చెప్తా.

ఏంజెలిన్ అక్క ఏడో తేదీ సాయంత్రం ఫ్యాక్టరీకి వచ్చి నీ ఉత్తరం ఇచ్చింది. నేను చదవలా. కవరు మీద నీ రాత చూడంగానే లోపల ఏముంటదో తెలిసిపోయింది. చదివితే చెయ్యి ఆడదని చొక్కా జేబులో పెట్టుకున్నా. దాంతోపాటే తొమ్మిదో తేదీ తెల్లారి మార్కెట్‌కి పోయినా.

చెంచయ్య కుళాయి దగ్గర ఉండాడు. నేను పెట్టెల గుట్ట దాటి రెండడుగులు వేసేసరికి లేచి నిలబడినాడు. వాడి మొకంలో భయం లేదు. "వచ్చినావా, ఊరంతా వెతికినా నీకోసం" అని నడుం కాడనుంచి కత్తి తీసినాడు. వాడికీ కత్తి ఉంటదని నేను అనుకోలా. నీ ఉత్తరం చదివుంటే తెలిసుండేది. నా ఎడమ చెయ్యి మోచేతి కాడనుంచి మణికట్టు దాకా చీరేసినాడు. నేను కడుపులో పొడిచినా. రెండోసారి గూడా పొడిచినా. లెక్కపెట్టి పొడస్తా అని రాసినానే, రెండో పోటుకే కత్తి బెల్టులో ఇరుక్కుంది. వాడు ఐసు నీళ్లలో కూర్చుండిపోయి, రెండు చేతుల్తో పేగులు లోపలికి అదుముకుంటా, "పోలయ్యా, పోలయ్యా" అని తమ్ముణ్ని పిలవడం మొదలుపెట్టినాడు. నన్ను తిట్టలా. తమ్ముణ్ని పిలిచినాడు. ఎవరో అరిస్తే నేను పారిపోయినా.

చేతికి గుడ్డ చుట్టి, పైన పొడుగు చేతుల చొక్కా వేసుకోని విమానాశ్రయానికి పోయినా. పెట్టె ఇచ్చేసినా, కాగితం తీసుకున్నా. ఎక్కడానికి ఇంకా గంట టైముంది. అప్పుడు జేబులో నీ ఉత్తరం తీసినా. ఒక మూలకి రక్తం అంటింది. చదివినా.

పోలయ్య చెప్పిందంతా నిజం వదినా. వాడికి తెలీనిది గూడా రాస్తా.

ముందురోజు సాయంత్రం వల గురించి అడిగితే పోలయ్య నవ్వినాడు. "రేపు విమానమెక్కి పోయేవాడివి, నీకు సముద్రం గొడవ ఎందుకన్నా" అన్నాడు. అందరి ముందర అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను తెల్లారిందాకా నిద్రపోలా. వాడు చెడ్డగా అనింది గూడా కాదు. లంగరు మూడుసార్లు ఎత్తి వేసినా. మూడోసారికి వాడు అరవడం మానేసినాడు. చచ్చిపోయినాడనుకున్నా. పరిగెత్తుకుంటా ఇంటికి వచ్చి అన్నని లేపినా. అన్న బండి తీసినాడు. నెల్లూరులో కారు ఎక్కిస్తా, "నువ్వు పో, నేను చూసుకుంటా" అన్నాడు. నేను కాదనలా. కనీసం కాదన్నట్టు నటించలా.

విమానంలో సీటు ముందర చిన్న టీవీ ఉంటది. మనం యాడ ఉండామో, దిగాల్సిన ఊరు ఇంకా ఎన్ని కిలోమీటర్లో చూపిస్తా ఉంటది. సినిమా పెట్టుకోకుండా నేను దాన్నే చూస్తా కూర్చున్నా. నేల దాటి సముద్రం మీదకి పోయినాక నా గుండె దడ తగ్గింది. ఇంకా వెయ్యి కిలోమీటర్లు ఉండాదనంగా ఆకలేసింది. బిర్యానీ ఇచ్చినారు, మొత్తం తిన్నా. అదే టైములో అన్న మన ఊళ్లో చెంచయ్య కాళ్లు పట్టుకోని ఉంటాడు. దిగినాక ఫోన్ చేస్తే, "ఒప్పుకున్నా, అయిపోయింది, ఇంక రెండేళ్లు ఈ పక్కకి రావాకు" అన్నాడు. హమ్మయ్య అనుకున్నా వదినా. నిజం రాస్తా ఉండా. హమ్మయ్య అనుకున్నా.

ఇంకో అబద్ధం. అన్న పోయినప్పుడు కంపెనీవాళ్లు సెలవు ఇవ్వలేదని రాసినా. ఆ రోజే ఇచ్చినారు. మేనేజరే టికెట్ తీసి ఇచ్చి, కారులో పంపించినాడు. విమానాశ్రయం దాకా పోయి, ఒడ్డు మీద పోలయ్య వాళ్లు నిలబడి ఉంటారని తలుచుకోని వెనక్కి వచ్చేసినా. చెంచయ్యని చంపితే నీ ముందరికి మొగోడి మాదిరి రావచ్చు, అందరూ ఆ పక్క చూస్తారు, ఈ సంగతి అన్నతోనే మట్టిలో కలిసిపోద్ది అనుకున్నా. నేను అన్న కోసం కత్తి పట్టుకోలా.

అన్న ఆఖరి మాట చదివిన చోట ఆగిపోయినా. నా విమానం పేరు పిలస్తా ఉండారు. వరస కదలతా ఉండాది. లేచి వరసలో నిలబడినా గూడా. నా ముందర ఇంక ఇద్దరే ఉండారు. చొక్కా అంచుల్లోంచి రక్తం కారి నేల మీద పడతా ఉంటే, వెనకాల ఒక ముసలాయన మలయాళంలో ఏదో అడిగినాడు. నేను వరస తప్పుకోని, తుపాకీతో నిలబడుండే పోలీసు దగ్గరికి పోయి చొక్కా చెయ్యి పైకి లాగి చూపించినా. వాడికి నా భాష రాదు. మార్కెట్, మార్కెట్ అని చెప్పినా. చేత్తో పొడిచినట్టు చేసి చూపించినా. నా కళ్లముందరే విమానానికి పోయే తలుపు వేసేసినారు.

చెంచయ్యకి పేగు కొంత తీసేసినారంట. కోర్టులో చక్రాల కుర్చీలో తెచ్చినారు. మధ్యలో తర్జుమా చేసే మనిషి ఉండాడు. నేను ఏం చేసినానో, ఎందుకు చేసినానో, మార్చి నెల నుంచి మొత్తం చెప్పినా. చెంచయ్య నా పక్కకి చూడలా. నాకు మూడేళ్లు వేసినారు. వాడికి కాస్త నయమైనాక మన పోలీసులకి అప్పగిస్తారంట.

అమ్మకి ఏం చెప్తావో నీ ఇష్టం. నువ్వు ఏం చెప్పినా అది నిజమే అవుద్ది.

పెంచల్


మైపాడు,
22 డిసెంబరు 2024

పెంచల్‌కి.

నీ ఉత్తరం అత్తకి మొత్తం చదివి వినిపించినా. మధ్యలో ఆపలా. విని, "ఇద్దర్నీ నేనే కన్నానా" అంది. రెండు రోజులు పడుకునే ఉండె. మూడో రోజు లేచి పోలయ్య ఇంటికి తనంతట తనే పోయింది. ఆడ ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

పోయిన వారం పోలయ్య, నేను ఒకే ఆటోలో స్టేషన్‌కి పోయినాం. మార్చి పదకొండున నువ్వు చేసింది వాడు చెప్పినాడు. వాళ్ల పడవలో వల తగలబెట్టింది, పుష్పకుమారిని కొట్టింది నేను చెప్పుకున్నా. కేసు రాసినారు. కోర్టుకి తిరగాల, తిరగతాను. చెంచయ్యని తీసుకొచ్చినాక వాడి మీద సాక్ష్యం గూడా నేనే చెప్తా. మెడ మీద పోటు, పక్కటెముకల కింద పోటు, ఒక్కటి వదలకుండా చెప్తా. పుష్పకుమారికి ఆ మాట మొకం మీదే చెప్పినా. చెప్పక్కా అంది. ఇప్పుడు ఇద్దరం తెల్లారి ఒకే ఆటోలో చేపల తట్టలు వేసుకోని నెల్లూరు మార్కెట్‌కి పోతా ఉండాం. మాటలేం ఉండవు. మొన్న వానలో నా తట్ట మీద గూడా ఆమే పట్టా కప్పింది.

నిన్ను క్షమించినానని రాస్తానేమోనని చూస్తా ఉంటావు. రాయను. విమానం ఎక్కకుండా ఆగినావు. అది మంచి పనే. మీ అన్న ఉంటే సంతోషపడేవాడు. ఆయన లేడు.

నువ్వు ఇంక నాకు రాయొద్దు. నువ్వు చేసింది నువ్వు రాసి చెప్పాల్సిన మనిషి వేరే ఉండాడు. నీ ఉత్తరం మొత్తంలో వాడి పేరు ఐదుసార్లు ఉండాది గాని, వాడితో ఒక్క మాట లేదు. బూట్ల సంగతి, లంగరు సంగతి, బిర్యానీ సంగతి, వాడు నవ్వినందుకు నిద్రపట్టని సంగతి, అన్నీ వాడికే రాయి. వాడు ఇంటర్ దాకా చదివినాడు, చదవగలడు. చదివి చించేస్తాడో, దాచిపెట్టుకుంటాడో వాడిష్టం.

వీధి పేరు రాయక్కర్లేదు. పోలయ్య, కేరాఫ్ పుష్పకుమారి, పట్టపుపాళెం, మైపాడు పోస్టు, నెల్లూరు జిల్లా అని రాస్తే చాలు. పోస్టుమాన్‌కి ఇల్లు తెలుసు.

జవాబు కోసం మాత్రం ఎదురు చూడొద్దు. ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుకుంటా ఉండాడు. ఇప్పటికి తన పేరు రాయడం వచ్చింది, అంతే.

ధనలక్ష్మి